ముందే తెలియాల్సిన సుంకం

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో సముద్రానికి దగ్గరగా మోటుపల్లి అనే ఊరుంది. ఇవాళ అదొక మామూలు పల్లె. కాకతీయుల కాలంలో మాత్రం తూర్పు తీరంలో పేరుమోసిన రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గరి రాతి స్తంభం మీద గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన శాసనం ఉంది. చరిత్ర చదువుకున్నవాళ్లు దాన్ని అభయ శాసనం అంటారు. తుపానుకు చిక్కి, దారి తప్పి తమ ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు లాగేసుకునేవారట. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చినవాడికి ఆ సొమ్మే ప్రాణం కాబట్టి, మేము నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ పుచ్చుకోం అని గణపతిదేవుడు దేశదేశాల వర్తకులకు మాట ఇచ్చాడు. ఎగుమతులకూ దిగుమతులకూ ముప్ఫైకి ఒకటి అన్నాడు. ఆపైన చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, దేనికెంతో వరసగా చెక్కించాడు.

ఈ శాసనం గురించి రాసేవాళ్లు రాజుగారి దయను మెచ్చుకుంటారు. వ్యాపారం పెంచుకోవాలన్న ముందుచూపును మెచ్చుకుంటారు. నాకు నచ్చింది ఇంకొకటి. రేటు రాయి మీద ఉంది. ఓడలోంచి మూట దించకముందే వర్తకుడు తన మనసులో లెక్క వేసుకోవచ్చు. ఇంత సరుకు, ఇంత సుంకం, నాకు మిగిలేది ఇంత. గిట్టుబాటయితే దించుతాడు, కాకపోతే లంగరు ఎత్తుతాడు. సుంకం ఎక్కువా తక్కువా అన్నది తర్వాతి మాట. ముందే తెలియడం మొదటి మాట.

ఏడున్నర శతాబ్దాలు దాటాక ఇప్పుడు మన ఇళ్లలో సగం మంది దిగుమతిదారులే. జపాన్ కలం, జర్మనీ మందుసీసా, చైనా బొమ్మ, లండన్‌లో పాత పుస్తకాల కొట్టువాడి దగ్గర దొరికిన పుస్తకం, అన్నీ ఫోన్లో వేలితో నొక్కి తెప్పించుకుంటున్నాం. ధర కనిపిస్తుంది. రవాణా ఖర్చు కనిపిస్తుంది. కార్డు నుంచి డబ్బు పోతుంది. కనిపించనిది ఒక్కటే: ఆ పార్శిల్ మన గడప తొక్కేటప్పుడు ఇంకెంత కట్టాలో.

విజయవాడలో నాకు తెలిసిన వయొలిన్ మాస్టారు ఒకరున్నారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతికే మనిషి. కరోనాకు ముందు ఏడాది ఆయన విదేశం నుంచి వయొలిన్ తీగలు తెప్పించుకున్నారు. ఆ తీగల శ్రుతి నిలిచినట్టు వేరేవాటి శ్రుతి నిలవదని ఆయన నమ్మకం. కచేరీ దగ్గర పడుతోంది, తీగలు రావడమే పండగ అనుకుంటున్నారు. వచ్చాయి. కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడి, సార్, డబ్బులు కట్టాలి అన్నాడు.

"నేను ముందే కట్టేశాను కదా బాబూ?"

"అది కంపెనీకి సార్. ఇది కస్టమ్స్."

"ఇంత ఎలా అయింది? ఎంతకెంత?"

"నాకు తెలీదు సార్. ఇక్కడ ఇంతే చూపిస్తోంది."

ఆ కుర్రాడి తప్పేం లేదు. అతని చేతిలోని ఫోన్ అతనికి చెప్పింది అంతే. మాస్టారు కట్టారు. కట్టాక రెండు మూడు రోజులు ఆయన మనసు మనసులో లేదు. డబ్బు పోయినందుకు కాదు. ఒక పిల్లవాడి ఫీజు ఆలస్యమైతే నెలలు ఓపిక పట్టే మనిషి ఆయన. తాళం తప్పితే ఎక్కడ తప్పిందో చెప్పగలిగినవాడికి, లెక్క ఎక్కడ తిరిగిందో ఎవరూ చెప్పకపోవడం బాధించింది. ఆ కాగితం నా దగ్గరికి తెచ్చారు. నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి తెలుస్తుందనుకున్నారు. ఇద్దరం కూర్చున్నాం. అప్పుడే నాకు ఈ లెక్కలో ఎన్ని మలుపులున్నాయో అర్థమైంది.

మొదటి మలుపు, దేని మీద సుంకం? మనం కొన్న ధర మీద అనుకుంటాం. కాదు. వస్తువు ధర, మన దేశం దాకా రవాణా, బీమా, మూడూ కలిపిన విలువ మీద. 1962 నాటి కస్టమ్స్ చట్టం 14వ సెక్షన్, దాని కింద 2007లో చేసిన విలువ నిర్ధారణ నిబంధనలు ఇది చెబుతాయి. బీమా ఎంతో తెలియకపోతే వస్తువు ధరలో 1.125 శాతం కలుపుతారు. రవాణా ఖర్చు తేల్చలేకపోతే 20 శాతం కలుపుతారు. ఇక్కడొక మేలు చేసే వాక్యం ఉంది, చాలామందికి తెలియదు: విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చు నిజంగా ఎంతైనా సరే, విలువలో కలిపేది వస్తువు ధరలో 20 శాతానికి మించకూడదు. వెయ్యి రూపాయల తీగలకు ఎనిమిది వందలు రవాణా కింద కట్టినవాడికి ఈ ఒక్క వాక్యం ఎంత ఆదానో కింద చూద్దాం.

రెండో మలుపు, డాలరును ఎంతకు లెక్కగడతారు? మన బ్యాంకు కార్డు మీద వేసిన రేటుతో వాళ్లకు పని లేదు. కస్టమ్స్ వాళ్లకు తమ మారకం రేటు ఉంది, నెలకు రెండుసార్లు ప్రకటిస్తారు. కాబట్టి మన బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని అంకె, వాళ్ల కాగితంలోని అంకె ఎప్పుడూ కలవవు. కలవనంత మాత్రాన మోసం జరిగిందని కాదు.

మూడోది అన్నిటికన్నా గడ్డు మలుపు: వస్తువు ఏ పద్దు కిందికి వస్తుంది? వాద్యాల తీగలకు సుంకాల పట్టికలో 9209 30 అనే పద్దు ఉంది. తీగలు అమ్మే దుకాణదారు పెట్టెలకొద్దీ తెప్పిస్తే ఆ పద్దు చూస్తారు. మాస్టారు తన సొంతానికి రెండు జతలు తెప్పించుకున్నారు, కాబట్టి అది 9804 అనే పద్దు కిందికి వెళుతుంది. వ్యక్తిగత వాడకానికి తపాలాలోనో విమానంలోనో వచ్చే సరుకులన్నీ ఒకే గంపలో వేసే పద్దు అది. తీగలూ అందులోనే, చెప్పులూ అందులోనే. కొంచెం ఓపిక చేసి పట్టికలో తీగల రేటు వెతికి పట్టుకున్న మనిషి కూడా తప్పు లెక్కే వేస్తాడన్నమాట. ఓపికపట్టి వెతికినవాడికి దారి తప్పించే పట్టిక మంచి పట్టిక కాదు.

ఇక రేట్లు. 2019 నాటివి చెబుతాను, ఎందుకంటే ఆ కాగితం నాకింకా కళ్లముందుంది. 9804 పద్దు కింద మూల సుంకం 35 శాతం. ఆ సుంకం మీద పదో వంతు సామాజిక సంక్షేమ సర్‌చార్జి. ఈ రెండూ వస్తువు విలువకు కలిపి, వచ్చిన మొత్తం మీద 28 శాతం ఐజీఎస్టీ. అంటే పన్ను మీద కూడా పన్ను. లెక్క సులువుగా ఉండటానికి వెయ్యి రూపాయల వస్తువు తీసుకుందాం. రవాణా 200, బీమా 11 రూపాయల పావలా. విలువ 1,211.25. దాని మీద 35 శాతం 423.94. సర్‌చార్జి 42.39. కలిపితే 1,677.58. దాని మీద 28 శాతం 469.72. కట్టాల్సింది మొత్తం 936 రూపాయల ఐదు పైసలు. విలువ మీద చూస్తే 77.28 శాతం. వెయ్యి రూపాయల వస్తువుకు దాదాపు మరో వెయ్యి.

ఆ 20 శాతం పరిమితి లేకుండా ఎనిమిది వందల రవాణా మొత్తం కలిపి లెక్కగడితే సుంకం 1,400 రూపాయలకు చేరేది. ఒక్క వాక్యం 464 రూపాయలు ఆపింది. ఆ వాక్యం ఉందని కొనేవాడికి చెప్పేవారేరీ? దీనికి తోడు కొరియర్ సంస్థలు మన తరఫున ముందు డబ్బు కట్టినందుకూ, కాగితాలు నడిపినందుకూ తమ రుసుము వేస్తాయి, దాని మీద మళ్లీ జీఎస్టీ. హైదరాబాదు వాళ్లు చారాణా కోడికి బారాణా మసాలా అనేది ఇలాంటి సందర్భాల్లోనే.

న్యాయంగా చెప్పుకోవాలంటే ఆ రేట్లు ఇప్పుడు దిగి వచ్చాయి. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో వ్యక్తిగత వాడకం సరుకుల మీద, అప్పటికే 20 శాతానికి దిగిన మూల సుంకాన్ని 10 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. మంచి పని. మాస్టారు లాంటివారికి నిజంగా ఊరట. కానీ నేను మాట్లాడేది తగ్గింపు గురించి కాదు. రేటు పదైనా ముప్ఫై ఐదైనా, మీట నొక్కే ముందు ఆ అంకె కొనేవాడి కంట పడిందా లేదా అన్నదే నా ప్రశ్న. తక్కువ పన్నైనా సరే, చెప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడితే దండుగలాగే అనిపిస్తుంది.

కస్టమ్స్ శాఖ తన వెబ్‌సైట్లో సుంకం లెక్కగట్టే సదుపాయం పెట్టింది. అందులోకి వెళ్లినవాడిని అది మొట్టమొదట అడిగేది వస్తువు కోడ్, ఎనిమిది అంకెలు. దిగుమతి వ్యాపారం చేసేవాడికి ఆ అంకెలు నోటికి వస్తాయి. మనుమరాలికి బొమ్మ తెప్పించే తాతగారికి ఎలా వస్తాయి?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో సుంకాల అధ్యక్షుడి పని మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. ఊరి పెద్ద గుమ్మం దగ్గర సుంకశాల, దాని మీద జెండా. నలుగురైదుగురు గుమాస్తాలు కూర్చుని వచ్చిన వర్తకుడెవరు, ఎక్కడి నుంచి వచ్చాడు, ఎంత సరుకు తెచ్చాడు, ముద్ర ఎక్కడ వేయించుకున్నాడు అని రాసుకోవాలి. ఇవాళ కొరియర్ వాళ్లు ఆధార్ కాపీ పంపమని అడిగేది ఆ వరసలోనిదే. వర్తకుడు జెండా కింద నిలబడి తన సరుకు ఇంత, ధర ఇంత అని మూడుసార్లు కేకవేసి చెప్పాలి. సుంకానికి జడిసి సరుకు తగ్గించి చెబితే, చెప్పినదానికి పైన ఉన్నది రాజుకే పోతుంది. ఆ తర్వాతి అధ్యాయం ప్రకారం దిగుమతి సుంకం సాధారణంగా విలువలో ఐదో వంతు. అంటే ఇరవై శాతం. మన బడ్జెట్ మొన్న వదిలిపెట్టిన అంకె కూడా సరిగ్గా అదే కావడం చూసి నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టాను.

సుంకాల అధ్యక్షుడి అధ్యాయంలోనే ఇంకొక మాట ఉంది. పెళ్లికి తీసుకెళ్లేవి, పుట్టింటి నుంచి అత్తింటికి కొత్తకోడలు తెచ్చుకునేవి, కానుకగా ఇచ్చేవి, పూజకు, పురిటికి, ఉపనయనానికి సంబంధించిన వస్తువులు సుంకం లేకుండా పోనివ్వాలి. రాజ్యం డబ్బు విషయంలో ఏమాత్రం మెతకగా లేని మనిషి రాసిన మాట ఇది. బజారుకు పోయే మూట వేరు, బంధువు ఇంటికి పోయే మూట వేరని ఆయన గుర్తించాడు.

మనం కూడా మొన్నమొన్నటిదాకా గుర్తించాం. విదేశాల్లోని అయినవాళ్లు పంపే ఐదు వేల రూపాయల లోపు కానుకలకు సుంకం ఉండేది కాదు. 2019 డిసెంబరులో ఆ దారి మూసేశారు. ఎందుకంటే విదేశీ అమ్మకందార్లు అంగడి సరుకంతా కానుక అని రాసి పంపడం మొదలుపెట్టారు. ప్రాణరక్షక మందులకూ, రాఖీలకూ మాత్రం మినహాయింపు మిగిలింది. కట్టాల్సిన సుంకం వంద రూపాయలకు మించకపోతే వసూలు చేయకూడదని కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్లో ఇంకో చిన్న దయ ఉంది. పన్నులన్నీ కలిపి 2019 రేట్లతో చూస్తే, ఆ దయ నూట ఆరు రూపాయల వస్తువు దగ్గరే అయిపోయేది. రాఖీకి సరిపోతుంది. రాఖీతో పాటు చెల్లెలు పెట్టిన చొక్కాకు సరిపోదు. అబద్ధపు కానుకలు రాసినవాళ్లు అసలు కానుకల దారి మూయించారు. సుంకం తగ్గుతుందని తప్పుడు ధర రాయించుకునే ప్రతివారూ ఇది గుర్తుంచుకోవాలని నా కోరిక. తప్పు ధర రాస్తే సరుకు జప్తు చేసే అధికారం కూడా చట్టం ఇచ్చింది, అది వేరే సంగతి.

చిన్న పార్శిల్‌ను వదిలేయడం అనేది చాలా దేశాలు ఒకప్పుడు చేసిన పనే. దాని వెనక ఉన్నది దయ ఒక్కటే కాదు, లెక్క కూడా. రూపాయి వసూలుకు రెండు రూపాయల జీతం ఖర్చయితే ఖజానాకు ఏం మిగిలినట్టు? అమెరికా 1938లో ఒక డాలరు లోపు సరుకును వదిలేయడం మొదలుపెట్టింది. 1978లో అది ఐదు డాలర్లయింది, 1993లో 200, 2016లో 800. ఒక డాలరు గీత ఎనిమిది వందల డాలర్ల దాకా జరిగేసరికి అది వదిలేసే గీతగా ఉండక వ్యాపారానికి రాజమార్గం అయిపోయింది. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ గీత కింద అమెరికాలోకి 130 కోట్లకు పైగా పార్శిళ్లు వెళ్లాయి. అదే ఏడాది యూరోపియన్ యూనియన్‌లోకి 150 యూరోల లోపు పార్శిళ్లు 460 కోట్లు వచ్చాయి, పదింట తొమ్మిది చైనా నుంచే. ఒక్కొక్కటి చిన్నదే. అన్నీ కలిపితే ఏ ఓడా మోయనంత.

బ్రిటన్‌కు ఈ అనుభవం అంతకు ముందే అయింది. పద్దెనిమిది పౌండ్ల లోపు దిగుమతికి వాళ్ల వ్యాట్ ఉండేది కాదు. ఇంగ్లండ్ పక్కనే ఉన్న జెర్సీ, గెర్న్‌సీ దీవులు ఆ వ్యాట్ పరిధిలో లేవు. పాటల సీడీలు, సినిమా డీవీడీలు ఇంగ్లండ్ నుంచి ఆ దీవులకు వెళ్లి, అక్కడి నుంచి తపాలాలో తిరిగి ఇంగ్లండ్ ఇళ్లకే వచ్చేవి. పన్ను కట్టి సీడీలు అమ్ముకునే వీధి కొట్లు ఎలా నిలుస్తాయి? ముందు గీతను పదిహేను పౌండ్లకు దించారు. 2012 ఏప్రిల్ 1 నుంచి ఆ దీవులకు మినహాయింపే తీసేశారు.

అందుకే, చిన్న పార్శిళ్లకు అసలు పన్నే వద్దని నేను అనను. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొట్టు పెట్టుకుని, అద్దె కట్టి, కరెంటు బిల్లు కట్టి, కంటైనర్లో వచ్చిన సరుకు మీద సుంకమూ జీఎస్టీ కట్టి బొమ్మ అమ్ముకునేవాడు నా ఊరివాడు. అతని బొమ్మకు పన్ను ఉండి, చైనా గోదాము నుంచి నేరుగా వచ్చే అదే బొమ్మకు లేకపోతే అతనికి అన్యాయం. పన్ను ఉండాలి. ఎంతో ముందు చెప్పాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

హడావుడిగా మార్చితే ఏమవుతుందో 2025 ఆగస్టులో మన తెలుగు ఇళ్లు చూశాయి. ఆ నెల 29 నుంచి అమెరికా తన 800 డాలర్ల మినహాయింపును అన్ని దేశాలకూ ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా అప్పజెప్పాలి అన్నది తేలక మన తపాలా శాఖ 25వ తేదీ నుంచి అమెరికా పార్శిళ్ల బుకింగ్ ఆపేసింది. ఉత్తరాలు, కాగితాలు, వంద డాలర్ల లోపు కానుకలు మాత్రం తీసుకుంటామని మొదట చెప్పింది. అక్టోబరు 15న మళ్లీ మొదలైనప్పుడు, రాసిన విలువలో సగం సుంకంగా ఇక్కడే బుకింగ్ కౌంటర్లో కట్టించుకునే ఏర్పాటుతో మొదలైంది. యాభై శాతం భారం, ఒప్పుకుంటాను. కానీ పంపేవాడు కౌంటర్ దగ్గరే ఆ అంకె చూశాడు. అందుకునేవాడి గుమ్మంలో బిల్లు లేదు. భారమైనా దాచిపెట్టనిది అన్నంతవరకు ఆ పద్ధతి సరైనదే.

ఆ రోజుల్లో ఇళ్లలో ఎక్కువ వినిపించిన ప్రశ్న, విలువ ఎంత రాయాలి? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురికి అమ్మ ఆవకాయ పంపుతోంది. పార్శిల్ కొట్టువాడు ఫారం ముందుపెట్టి, "అమ్మా, ఎంత రాయమంటారు?" అంటాడు. ఆమె తెల్లబోతుంది. కొన్నదైతే బిల్లుంటుంది. చేసినదానికి ఏ బిల్లుంటుంది?

చట్టం దీనికి సమాధానం ఆలోచించింది. ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలన్నిటికీ ఒకే విలువ నిర్ధారణ ఒప్పందం ఉంది, అందులో ఆరు పద్ధతులు వరసగా ఉన్నాయి. మొదటిది కొన్న ధర. కొనుగోలే జరగకపోతే అలాంటి వస్తువు ధర చూడాలి, అదీ దొరకకపోతే దగ్గరి పోలిక ఉన్న వస్తువు ధర. అంటే గుంటూరు పచ్చళ్ల కొట్టు అమెరికాకు అమ్మి పంపే ఆవకాయ కిలో ఎంతో అది. అమ్మ ఫారం మీద నిజాయితీగా రాయదగ్గ అంకె ఇదే, ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. ఇంకా కిందికి వెళితే ఉత్పత్తి ఖర్చు లెక్కగట్టే పద్ధతి వస్తుంది: మామిడికాయలు, కారం, ఆవపిండి, నువ్వుల నూనె, పైన చేసిన మనిషి కష్టం. వేసవి మధ్యాహ్నాలు కాయలు తుడిచి, ముక్కలు కొట్టించి, మూడో రోజు తిరగకలిపి, జాడీలకెత్తిన మనిషి కష్టం. మన ఇళ్లలో ఎవరూ ఏనాడూ వేయని లెక్కను అంతర్జాతీయ ఒప్పందం ఒక పద్దుగా అడుగుతోంది. ఆ పద్దు చదివినప్పుడు నాకు గౌరవం కలిగింది, ఆ ఒప్పందం మీదా, మా అమ్మ మీదా.

అమెరికా చట్టంలో కూడా కానుకకు ఇంకా చోటుంది. ఒక మనిషి మరో మనిషికి పంపే అసలైన కానుక వంద డాలర్ల లోపుంటే, రోజుకు అంతకు మించకుండా వస్తే, సుంకం లేదు. 800 గీత ఎత్తేసినప్పుడు దీన్ని అలాగే ఉంచారు. తినే వస్తువులు పంపేవాళ్లు అక్కడి ఆహార శాఖకు ముందుగా తెలియజేయాలన్న నియమం ఉంది. సొంత ఇంట్లో చేసి కానుకగా పంపేదానికి ఆ నియమం వర్తించదు. కొట్లో కొని పంపే పచ్చడికి వర్తిస్తుంది. కౌటిల్యుడు బజారు మూటకూ బంధువు మూటకూ గీసిన గీత అక్కడ ఇంకా చెరిగిపోలేదు. మన దగ్గర రాఖీ దాకా కుంచించుకుపోయింది. వెయ్యి రూపాయల లోపు నిజమైన కానుకలకైనా ఆ గీత మళ్లీ గీయాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరికి ఎవరు పంపారో రాసుకునే ఆధార్ లెక్క ఉండగా ఒకే పేరుకు రోజూ వచ్చే కానుకలను పట్టుకోవడం కష్టమేం కాదు.

ముందుగా చెప్పడం సాధ్యమేనా అని అడిగేవారికి ఆస్ట్రేలియా సమాధానం. 2018 జులై 1 నుంచి వెయ్యి ఆస్ట్రేలియా డాలర్ల లోపు సరుకుకు అక్కడి జీఎస్టీ విదేశీ అమ్మకందారే కొనేటప్పుడు వసూలు చేసి అప్పజెబుతాడు. 2019 డిసెంబరులో న్యూజిలాండ్ అదే చేసింది. 2021 జులై నుంచి యూరప్ 150 యూరోల లోపు సరుకుకు అలాంటి ఏర్పాటే పెట్టింది. సింగపూర్ 2023 జనవరిలో చేరింది. ఈ దేశాల్లో మామూలు మనిషి చిన్న వస్తువు కొనేటప్పుడు తెర మీద ఒకే మొత్తం కనబడుతుంది, అంతా కలిపి. యూరప్ ఇంకో అడుగు వేసి, ఆ 150 యూరోల లోపు పార్శిళ్లకు 2026 జులై 1 నుంచి వస్తువు రకానికి మూడు యూరోల చొప్పున స్థిర సుంకం పెట్టాలని నిర్ణయించింది. రెండు యూరోల వస్తువుకు మూడు యూరోల సుంకం మోత బరువే, చవక వస్తువు కొనే పేదవాడి మీదే అది ఎక్కువ పడుతుంది, ఆ విషయంలో నాకది నచ్చలేదు. అయినా మూడు అంటే మూడు. ఎనిమిది అంకెల కోడ్ అక్కర్లేదు, మారకం రేటు వెతకక్కర్లేదు, పిల్లవాడు కూడా చెప్పగలడు.

మన దగ్గర కొన్ని పెద్ద అమ్మకం సంస్థలు దిగుమతి ఖర్చుల అంచనా ముందే చూపించి, కట్టించుకుని, మిగిలితే తిరిగి ఇస్తున్నాయి. అది వాళ్ల ఇష్టం కొద్దీ చేసేది. చట్టం అడిగితే అందరూ చేస్తారు. వ్యక్తిగత వాడకానికి పద్దు ఒకటే, మందులు వదిలేస్తే రేటు ఒకటే, రవాణాకు 20 శాతం పరిమితి ఒకటే అయినప్పుడు, వస్తువు ధర ఇస్తే చాలు సుంకం చెప్పే పట్టిక ఒక్క పేజీలో పడుతుంది. ఆ పేజీని తెలుగులోనూ, మిగతా భాషల్లోనూ వేసి ప్రతి పోస్టాఫీసు గోడకూ, ప్రతి కొరియర్ కౌంటర్‌కూ అతికించమని సుంకాల శాఖ వారికి నా మనవి. గణపతిదేవుడికి రాయీ ఉలీ కావలసి వచ్చింది. మీకు కాగితం చాలు.

తెప్పించుకునేవారికి నా మాట ఇది. ఆర్డర్ పెట్టేముందు అమ్మేవారిని, ధరలో దిగుమతి సుంకం ఉందా లేదా అని రాతపూర్వకంగా అడగండి. కొన్న ఇన్‌వాయిస్, రవాణా రసీదు వేర్వేరుగా దాచుకోండి. ధర తగ్గించి రాయమని ఎవరినీ అడగకండి, రాస్తామన్నా వద్దనండి. గుమ్మంలో బిల్లు వచ్చినప్పుడు విలువ ఎంతగా తీసుకున్నారు, రవాణా ఎంత కలిపారు, ఏ పద్దులో వేశారు అని మూడు ప్రశ్నలు అడిగి కాగితం తీసుకోండి. కుర్రాడిని కాదు, సంస్థను అడగండి. రవాణా 20 శాతం దాటి కలిపి ఉంటే నిలదీయండి. ఎక్కువ కట్టించుకున్న సుంకాన్ని, కట్టిన రోజు నుంచి ఏడాదిలోపు తిరిగి ఇమ్మని అడిగే హక్కు కస్టమ్స్ చట్టం 27వ సెక్షన్ కింద మీకుంది.